అలక్ష్యవీరులు: స్త్రీపర్వము మొదలు ‘బర్మా వీణ’ వఱకు

యుద్ధవర్ణనలకు మన కావ్యములలో కొఱత లేదు. వ్యూహములు, ప్రతిజ్ఞలు, ద్వంద్వయుద్ధములు, రథభంగములు మన కవులకు అభిమానవిషయములు. యుద్ధము ముగిసిన పిమ్మట రణభూమికి మరలిపోయి, అచ్చట మిగిలినదానిని చేతులతో తడవి చూచినవారి కథ మాత్రము మిక్కిలి విరళము. భారతమున పదునొకండవదియైన స్త్రీపర్వ మట్టి కథ. యుద్ధషట్కమున చివరిదగుటచేతనో, వెనువెంట వచ్చు శాంతిపర్వ విస్తారము దీనిని కప్పివేయుటచేతనో, దీనిని గాంధారీవిలాపముగా మాత్రమే చదివి విడుచుట మనకు అలవాటైనది. విలాప మిందొక భాగము. తక్కిన భాగమంతయు వెదకుట, గుర్తించుట, లెక్కించుట, దహించుట. ఈ రెండవ భాగమును గూర్చి మన విమర్శకులు తగినంతగా చెప్పలేదని మా తలంపు.

దీనిని ఇప్పుడు ఎత్తుకొనుటకు కారణము కలదు. రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసెను. అందు జాడ తెలియక పోయిన సైనికుల యెముకలకొఱకు నేటికిని అడవులలో, గుహలలో, బురదనేలలలో త్రవ్వుచున్నవారు కలరు. వీరిలో పెక్కురు ఆ మృతులకు బంధువులు కారు. జీతమునకు కుదిరినవారును కారు. తమంత తాము వచ్చి ఈ పనికి పూనుకొన్నవారు. వీరి కృషికి తగిన సాహిత్యము పుట్టినదా, పుట్టినచో అది ఏ రసమున నిలిచినది అను ప్రశ్న అలంకారశాస్త్రము చదివినవారికి తోపక మానదు. ఈ విషయమున అందఱును ఉదాహరించు నవల మిచియో తకెయామా రచించిన ‘బర్మా వీణ’. దానిని స్త్రీపర్వము ప్రక్కన నుంచి పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ముందు స్త్రీపర్వము. మూలమున కురుక్షేత్రమున కేగిన స్త్రీలు ఏడ్చుచునే వెదకుదురు. ఒకతె ఒక శిరస్సును తెచ్చి ఒక మొండెమున కతికించి చూచును. అది వానిది కాదని యెఱిగి దుఃఖించును. వేఱొకతె బాణములచే ఖండింపబడిన చేతులను, తొడలను, పాదములను జతపఱచుచు మూర్ఛిల్లును. ఈ ఘట్టమును బీభత్సమునకు ఉదాహరణముగా చూపుట పరిపాటి. మాకు బీభత్సముకంటె ముందు కనబడునది ఆ స్త్రీల పనిలోని నిక్కచ్చితనము. దొరికిన తలను తనవానిదే యనుకొని తృప్తిపడుట వారికి సులభమే. ఎవరును అడ్డు చెప్పరు. ఐనను వారు ‘ఇది కాదు’ అని ప్రక్కన పెట్టి మరల వెదకుదురు. ఈ ‘కాదు’ అను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము.

భూరిశ్రవుని ఛిన్నబాహువును ఒడిలో నుంచుకొని అతని భార్య విలపించుట ప్రసిద్ధము. ఆనందవర్ధనుడును మమ్మటుడును ఆ శ్లోకము నుదాహరించిరి. మన తరగతులలో దీనిని అపరాంగ గుణీభూతవ్యంగ్యమునకు లక్ష్యముగా చెప్పి, శృంగారము కరుణమున కంగమైనదని ముగింతుము. అది సరియే. కాని ఆ స్మృతులు చేయు పని మఱియొకటి కలదు. ఆ చేయి తన దేహమును తాకిన విధములను ఆమె ఒకటొకటిగా స్మరించుచున్నది. దేహమునుండి వేఱుపడిన ఒక యవయవము ఎవరిదో నిశ్చయించుటకు లోకమున ఆమెకు తప్ప మఱియెవ్వరికిని లేని ప్రమాణము లవి. శృంగారస్మృతి యిచ్చట ఆనవాలు. లక్షణకారులకు ఈ సంగతితో పనిలేదు గనుక వారు చెప్పలేదు. వ్యాఖ్యానించు మనము చెప్పవచ్చును.

తరువాత ధృతరాష్ట్రుడు ధర్మరాజు నొక ప్రశ్న యడుగును. జీవించియున్న సైన్యముల లెక్క నీ వెఱుగుదువు, చచ్చినవారి లెక్క యెఱిగినచో చెప్పుమని ఆ ప్రశ్న. ధర్మరాజు చెప్పిన లెక్క 166 కోట్ల 20 వేలు. కవికల్పితమైన ఈ మహాసంఖ్యపై చర్చ యనవసరము. దీని వెంటనే వచ్చు చిన్న సంఖ్య మనకు ముఖ్యము. ‘అలక్ష్యులైన’ వీరులు 24,165 మంది యని అతడు చెప్పును. కిసారి మోహన గంగూలీ ఆంగ్లానువాదమున ఈ పదమునకు తప్పించుకొనినవారని యర్థము చేయబడినది. మే మీ యర్థమును అంగీకరింపజాలము. జీవించినవారి లెక్క నీకు తెలియునని చెప్పి, మృతుల లెక్కనే ధృతరాష్ట్రుడు అడిగియుండగా, బ్రతికి పాఱిపోయినవారి సంఖ్యను ధర్మరాజు చెప్పుట ప్రశ్నకు సరిపడదు. అలక్ష్యులనగా కానరానివారు. మృతులలో చేర్చుటకు దేహము లేదు. జీవించినవారిలో చేర్చుటకు మనిషి లేడు. ఇరువైపుల లెక్కకును వెలియైన ఈ మూడవ పట్టీని వ్యాసుడు ఒకట్లస్థానము వఱకు చెప్పించెను. కోట్లను గుండుసున్నలతో చెప్పినవాడు కానరానివారిని అఱువదియైదని విడదీసి చెప్పుట యాదృచ్ఛికము కాదని మా నమ్మకము.

ఈ లెక్క నీకెట్లు తెలిసెనని ధృతరాష్ట్రుడు అడుగగా, తీర్థయాత్రలో లోమశమహర్షి యనుగ్రహమున కలిగిన స్మృతియు దివ్యచక్షువును కారణములని ధర్మరాజు బదులు చెప్పును. గాంధారి దూరమునుండియే రణభూమిని చూచినది వ్యాసుడిచ్చిన దివ్యదృష్టితోనే. మాంసచక్షువులకు కానరానివారిని లెక్కించుటకు మనుష్యునకు సాధనము లేదని కవి యొప్పుకొన్నాడన్నమాట. ఇప్పటివారికి లోహమును కనిపెట్టు యంత్రము, నేలలో గ్రుచ్చు ఇనుపచువ్వ, డి.ఎన్.ఏ. పరీక్ష కలవు. లోమశుని వరముతో పోల్చిన నివి అల్పసాధనములు. ఇన్నేండ్లు గడచినను లెక్క తెగకుండుట కొక హేతు విదియే.

అనాథశవముల మాట యట్లే యున్నది. ధర్మరాజు నాజ్ఞచే సుధర్ముడు, ధౌమ్యుడు, సంజయుడు, విదురుడు, యుయుత్సుడు, ఇంద్రసేనుడు చందనాగరువులను, ఘృతతైలములను, విఱిగిన రథములను కూర్చి చితులు పేర్చిరి. ముఖ్యులైన రాజులకు వేఱువేఱు చితులు. నానాదేశములనుండి వచ్చి దిక్కులేక పడినవారిని వేలకొలది కుప్పలుగా చేర్చి విదురుడు దహింపజేసెను. అనాథప్రేతసంస్కారము కోటియజ్ఞముల పెట్టని మన పెద్దలు చెప్పుదురు. విదురుడు చేసిన దది. ఐనను కుప్పకు పేరు లేదు.

ఇక రసవిచారము. కరుణ విప్రలంభములకు భేదమును భరతముని స్పష్టముగా చెప్పెను. కరుణము నిరపేక్షభావము, విప్రలంభము సాపేక్షభావము. పోయినవాడు మరల వచ్చునను ఆశ యున్నంతవఱకు విరహమే గాని శోకము కాదు. ఆశ తెగినచోట శోకము స్థాయియగును. మఱి, కొడుకు యుద్ధమునకు పోయి ‘జాడ తెలియలేదు’ అను మాటతో నిలిచిపోయిన తల్లి స్థితి యేది? ఆశ తెగలేదు గనుక కరుణము కాదు. ఆశకు ఆధారము లేదు గనుక విప్రలంభమును కాదు. నాయికానాయకులకు సంబంధించిన కరుణవిప్రలంభ మను భేదమును విశ్వనాథాదులు చెప్పిరి. కాదంబరిలో మహాశ్వేతా పుండరీకుల కథ దానికి లక్ష్యము. కాని యచ్చట పునస్సమాగమము కలదని దివ్యవాణి చెప్పినది. ఈ తల్లికి అట్టి వాణి లేదు. ఇది శాస్త్రకారులు పేరు పెట్టని యవస్థ. దీనిలో సంవత్సరములు గడచును, స్థాయిభావము మాత్రము నిలువదు. చింత, ఔత్సుక్యము, శంక, గ్లాని, మరల ఔత్సుక్యము ఇట్లు సంచారులే చక్రమువలె తిరుగుచుండును.

ధర్మశాస్త్రజ్ఞులు ఈ యవస్థను అలంకారికులకంటె బాగుగా నెఱిగినట్లు తోచును. దేశాంతరగతుడై వార్త తెలియనివానికై పండ్రెండేండ్లు నిరీక్షించి, పిదప పలాశవృంతములు మూడువందల యఱువదింటితో ప్రతిమను కూర్చి దహింపవలెనని విధించిరి. పర్ణనరదాహ మిదియే. దేహము లేనిచోట దేహమును కల్పించి, ఆశ తెగుటకు ఒక తిథిని నిర్ణయించిరి. జపానులో యుద్ధకాలమున ప్రభుత్వము మృతుని కుటుంబమునకు తెల్లనిగుడ్డ చుట్టిన చెక్కపెట్టెను పంపెడిది. ఎముకలు దొరకనపుడు అందొక ఱాయియో, పేరు వ్రాసిన కాగితపుముక్కయో యుండెడిది. పెట్టెను కదలించిన తల్లికి లోపల ఱాయి దొర్లిన చప్పుడు వినబడును. పలాశప్రతిమను బంధువులే తమ చేతులతో చేసికొందురు. అది ప్రతిమయని వారెఱుగుదురు. ఈ పెట్టె అట్టిది కాదు. అందుచేత అది ఆశను తెంచలేదు, అనుమానమును పెంచెను.

జపాను ప్రధానద్వీపములకు వెలుపల, ఇవోజిమా ఒకినావాలతో గూడ, ఆ యుద్ధమున మృతులైన జపనీయులు సుమారు 24 లక్షలు. 1952 మొదలు ప్రభుత్వము వారి యెముకలను తెప్పించుచున్నది. అందు 11 లక్షలకు పైబడినవారి యవశేషములు ఇంకను చేరలేదు. పేరు తేలనివానిని తోక్యోలో చిదొరిగఫుచి యనుచోట 1959లో వెలసిన జాతీయసమాధియందు నిక్షేపింతురు. 2016లో శాసనము చేసి ఈ యవశేషసేకరణమును రాజ్యధర్మముగా ప్రకటించిరి. అంతకు ఎన్నియో ఏండ్ల ముందే సామాన్యజనులు గడ్డపాఱలు చేతబట్టియుండిరి. ఒకినావాలో 1954లో జన్మించిన తకమత్సు గుషికెన్ 1980ల యారంభమునుండి ఈ పనిలో నున్నాడు. అచ్చటి సున్నపుఱాతిగుహలను ఆ ద్వీపభాషలో ‘గమ’ యందురు. 1945లో సైనికులును గ్రామస్థులును ఆ గుహలలోనే దాగి మరణించిరి. గుషికెన్ తన్ను ‘గమఫుయా’ అని చెప్పుకొనును. గుహలు త్రవ్వువాడని యర్థము. గుహలో వంగి కూర్చుండి, చిన్న పనిముట్లతో మన్ను గీఱుచు, ఱాతిపెళ్ళ యేదో ఎముకచెక్క యేదో వేఱుచేయుట అతని పని. ఎముకతో పాటు కలమో, పేరు చెక్కిన ముద్రికయో, గీతలు గీచిన భోజనపాత్రయో దొరికిన నాడు పండుగ. మొదట అట్టి పేరుగల వస్తువు దొరికినచోటనే ప్రభుత్వము డి.ఎన్.ఏ. పరీక్షకు ఒప్పుకొనెడిది, తరువాత ఆ నియమమును సడలించిరి. పంటికి ఈ పరీక్షలో విలువ మెండు. పండ్లను చిల్లపెంకులవలె పాఱవేయక భద్రపఱచు నేర్పు అనుభవమున వచ్చునదే.

రష్యాలో ఈ యుద్యమము మఱింత విస్తృతము. నోవ్గొరోద్ ప్రాంతమున మ్యాస్నోయ్ బోర్ అను గ్రామము చెంత 1942లో సోవియట్ రెండవ ప్రహారసైన్యము చుట్టుముట్టబడి నశించెను. దాని సేనాని వ్లాసోవ్ శత్రుపక్షమున చేరుటచే, ఆ సైన్యమున జాడలేకపోయిన సామాన్యసైనికుల కుటుంబములును అనుమానమునకు పాత్రములైనవి. నికొలాయ్ ఒర్లోవ్ అను స్థానికుడు ఎవ్వరి యాజ్ఞయు లేక, 1980లో తాను మరణించువఱకు, ఆ యడవిలో యెముకలను పేళ్ళను వెదకెను. అతని వెనుక విద్యార్థులును కార్మికులును దళములుగా నేర్పడిరి. సైనికులకు అప్పుడు నల్లని యెబొనైటు గొట్టము నొకదాని నిచ్చెడివారు. లోపల కాగితముపై పేరు, ఊరు వ్రాసి చుట్టి పెట్టుకొనవలెను. వ్రాసిన చావు వచ్చునను భీతిచే పెక్కురు దానిని ఖాళీగానే యుంచుకొనిరి. 1942 నవంబరులో ఆ గొట్టములనే రద్దుచేసిరి. కనుక ఏబదియేండ్ల పిదప ఒక గొట్టము దొరికి, మూత విప్పి, తడిసిన కాగితమును చీలనీక విప్పువఱకు అందొక మనుష్యుడున్నాడో వట్టి కాగితమున్నదో తెలియదు. నాటకసంధులలో గర్భవిమర్శల నడుమనుండు ఉత్కంఠ యిదియే.

ఈ పనివలన కుటుంబమునకు కలుగు ఫలమేమి? ఓదార్పని పత్రికలు వ్రాయుచుండును. మా మతమున అది సరిగాదు. శోకము అప్పుడే ఆరంభమగును. వెదకువాడు ఎముకను పేరును కలిపి ఇంటికి తెచ్చిన క్షణమున సాపేక్షభావము తెగి నిరపేక్షభావము పుట్టును. అంతవఱకు సంచారులలో తిరుగుచుండిన హృదయమునకు స్థాయి లభించును. శోకించుటకు అధికారము నిచ్చువాడు ఆ త్రవ్వువాడు. అతనిలో మనము చూచునది ఉత్సాహస్థాయికమైన దయావీరము. దానవీర యుద్ధవీరములకు మన సాహిత్యమున లక్ష్యములు కోకొల్లలు. దయావీరమునకు జీమూతవాహనునే చెప్పుచుందుము. అతని దయ బ్రతికియున్న నాగునిపై. వీరి దయ ప్రతిఫలముగా ఒక్కమాటయు పలుకజాలని యెముకపై.

ఇప్పుడు నవలకు వత్తము. తకెయామా (1903-1984) జర్మనుభాషోపాధ్యాయుడు. అతని శిష్యులలో పలువురు యుద్ధమునకు పోయి తిరిగి రాలేదు. ‘బర్మా వీణ’ 1947-48లో బాలుర పత్రిక యందు వరుసగా వెలువడి, 1948లో గ్రంథరూపమున వచ్చెను. కోన్ ఇచికావా దీనిని 1956లోను మరల 1985లోను చలనచిత్రముగా తీసెను. మేము చదివినది హిబ్బెట్టుగారి ఆంగ్లానువాదము (1966). కథ యిది. పాటలు పాడు నొక జపాను దళము బర్మాలో లొంగిపోవును. ఆ దళమున వీణ వాయించు మిజుషిమాను, లొంగక ఒక కొండపై పోరుచున్న మఱియొక దళమునకు నచ్చజెప్పుటకై పంపుదురు. అతని మాట వారు వినరు. గాయపడి, భిక్షువేషమున దక్షిణమునకు నడచుచు, దారిపొడుగున దిక్కులేని శవములను చూచును. ఎన్నింటికని సంస్కారము చేయగలడు? ముదోన్‌లో చెఱయందున్న తనవారిని చేరవలెనను ఆతురతతో సాగిపోవును. ముదోన్‌లో ఆంగ్లేయుల వైద్యశాలవారు పేరు తెలియని జపాను సైనికులకు స్తోత్రములు పాడుచు సమాధి చేయుట అతని కంటబడును. శత్రువు చేసినపాటి పని తాను చేయనైతినను లజ్జ అతనిని వెనుకకు మరల్చును. స్వదేశమునకు పోక, నిజముగా భిక్షువై, యెముకలను పాతిపెట్టుచు ఆ దేశముననే యుండును.

ఈ నవల నిర్మాణములో ఒక గొప్ప గుణము కలదు. దానిని ఎవరును సరిగా చెప్పినట్లు మేము చూడలేదు. అలక్ష్యులకై యుండిపోయిన మిజుషిమా తనవారికి తానే అలక్ష్యుడగుచున్నాడు. కథ చెప్పువాడు మిజుషిమా కాదు, చెఱలోనున్న తోడివాడు. దళమంతయు దారిని పోవు భిక్షువును చూచి ‘వీడతడేనా, కాడా’ యని కొట్టుమిట్టాడును. వారొక చిలుకకు ‘మిజుషిమా, కలసి జపానుకు పోదము’ అను మాట నేర్పి పంపుదురు. బదులు వచ్చిన చిలుక పోలేనని పలుకును. కురుక్షేత్రమున స్త్రీలు తల మొండెముల నతికించి చూచినట్లు, వీరు ఒక వేషమునకును ఒక పేరునకును జత కుదుర్చ యత్నించుచున్నారు. ఓడ స్వదేశాభిముఖముగా సాగునపుడు నాయకుడు మిజుషిమా లేఖను చదివి వినిపించును. సందేహము తీఱును, ఆశ తెగును. సాపేక్షము నిరపేక్షమగు సంధిని ఇంత నేర్పుగా నడిపిన యాధునిక కథ అరుదు. బాలుర పత్రికకు వ్రాసినదని దీనిని చిన్నచూపు చూచుట తగదు.

కాని ఆ నేర్పు మిజుషిమా విషయముననే వ్యయమైనది. అతడు పాతిపెట్టిన యెముకలకో? ఆ వేలమందిలో ఒక్కని పేరును నవల మనకు చెప్పదు. అతడు ఏఱును, పాతును, ప్రార్థించును, ఎవరిదని యడుగడు. నదీతీరమున మన్ను త్రవ్వునపుడు అతనికి కెంపొకటి దొరకును. దానిని మృతుల యాత్మలకు చిహ్నముగా భావించి, తెల్లని గుడ్డలో చుట్టిన పెట్టెయందుంచి, సమాధిమందిరమున నిలుపును. ఇచ్చట మేము ఆగవలసివచ్చినది. కెంపు సుందరమే. కాని రచన యందు దాని పని ఆ తల్లికి పంపిన పెట్టెలోని ఱాతి పనియే. పేరు లేనిచోట ప్రతీకను నిలుపుట. ఎముక ఒకనిదిగాక అందఱిదియైనపుడు ఆలంబనవిభావము కరగిపోవును, కరుణమునకు తావుండదు. మిగులునది సంసారమసారమను నిర్వేదము, అనగా శాంతము. ‘బర్మా వీణ’ శాంతరసప్రధానమైన కృతి. దానిని కరుణరసకృతిగా మెచ్చుకొనువారు సంగీతమునకు లొంగినవారని మా యభిప్రాయము. శాంతము తక్కువ రసమని మేమనుట లేదు. కాని 1947 నాటి జపాను పాఠకునకు అది సుఖకరమైన రసము. సర్వము అనిత్యమే యైనచో ఈ బాలురను ఇచ్చటికి పంపినవారెవరను ప్రశ్న పుట్టదు.

బర్మీయులు ఈ నవలయందు చూపు దోషములు వేఱు. తకెయామా ఆ దేశమును చూడలేదు. చైనాలో నడపదలచిన కథను, ఉభయసైన్యములు నెఱిగిన పాట యొకటి కావలసి, ఆంగ్లేయులతో పోరిన బర్మాకు మార్చితినని అతడే చెప్పుకొనెను. థేరవాదభిక్షువునకు వాద్యము నిషిద్ధము. మిజుషిమా కాషాయముతో వీణ వాయించును. నరమాంసభక్షకుల జాతి యొకటి కథలో వచ్చును. చలనచిత్రమున ఆ ఘట్టమును విడిచిపెట్టుట ఇచికావా వివేకము. ఇవన్నియు సత్యములే గాని, పైని చెప్పిన పేరు లేని దోషము ముందు చిన్నవి.

త్రవ్వువారి మార్గము మిజుషిమా మార్గమునకు ఎదురైనది. వారికి శాంతము వలదు, పేరు కావలెను. అందుచే వారికి ‘ఇది కాదు’ అని చెప్పు ధర్మమును సంక్రమించినది. ఫిలిప్పీన్సులో స్థానికుల యెముకలు కలసివచ్చుచున్నవను ఆరోపణచే 2010లో అచ్చటి సేకరణము నిలిచిపోయెను. సైబీరియానుండి తెచ్చినవానిలో జపనీయులవి కానివి కలవని నిపుణులు చెప్పిన మాట 2019లో వెలికి వచ్చి జపానులో అలజడి కలిగెను. పెట్టెలు నిండుటయే ప్రధానమైనచోట ఎవని యెముకయైనను చాలును. తల పట్టుకొని మొండెమునకై తిరిగిన స్త్రీకి అట్లు చాలలేదు. ఒకినావా దక్షిణభూములనుండి మన్ను త్రవ్వి సముద్రమును పూడ్చి సైనికస్థావరము కట్టు ప్రతిపాదమును ఎదిరించుచు గుషికెన్ 2021 మార్చిలో నిరాహారదీక్ష పూనెను. ఆ మంటిలో ఎముకలు కలవు. అవి ఎవరివో తేలలేదు. తేలనివి గనుక ఎవరివియు కావని తలంచుట ఒక వాదము. తేలనివి గనుక ఎవరివైనను కావచ్చునని తలంచుట అతని వాదము.

స్త్రీపర్వము ముగియుట రెండవ వాదముతోనే. గంగాతీరమున ఉదకదానము జరుగుచుండగా కుంతి నోరు విప్పి, కర్ణునకు కూడ నీరు విడువుమని కొడుకులతో చెప్పును. అంతవఱకు వారికి అతడు సూతపుత్రుడు, శత్రువు. ఆ దేహమును వారు చూచియే యున్నారు. దేహము మాఱలేదు, పేరు మాఱినది. అంతట ధర్మరాజు జ్యేష్ఠునకై విలపించి, కర్ణుని భార్యలను రప్పించి, వారితో గూడ ప్రేతకృత్యమును నడపెను. జయమునకంటె ఈ పేరు అతనిని ఎక్కువగా కుదిపినదని శాంతిపర్వారంభము సాక్ష్యమిచ్చుచున్నది. ఎవరి యెముక యని అడుగుటలో నున్న ప్రమాదము నిది తెలుపును. సమాధానము మన యింటివాడు కావచ్చును.

‘బర్మా వీణ’ను తెలుగువారు చదువునపుడు ఈ ప్రమాదము దూరపుమాట కాదు. మిజుషిమా దళము చెఱయున్న ముదోన్ పట్టణము మౌల్మేనుకు దక్షిణమున నున్నది. ఆ దారినే యింకను దక్షిణమునకు పోయిన తాన్‌బ్యుజయాత్ వచ్చును. 1942-43లో జపాను సైన్యము వేసిన సయాం-బర్మా రైలుమార్గమునకు బర్మావైపు కొస యది. యుద్ధఖైదీలు సుమారు 13,000 మంది ఆ మార్గమున మరణించిరి. పనికి తోలబడిన ఆసియా కూలీలలో మృతులు 80,000 నుండి 1,00,000 వఱకు నుందురని కామన్వెల్తు సమాధుల సంస్థ యంచనా. మలయా రబ్బరుతోటలనుండి తరలింపబడినవారిలో తమిళు లధికులు. వారితో తెలుగువారును కలరు. మిజుషిమా సంకల్పము స్వదేశీయుల యెముకలను గూర్చినది. వీరు అతని కథలోనికి రారు. రంగూను చెంత తౌక్యాన్ స్మారకముపై సమాధి తెలియని సైనికుల పేళ్ళు దాదాపు 27,000 చెక్కబడియున్నవి. అందు భారతీయుల పేళ్ళు పెక్కు. తాన్‌బ్యుజయాత్ శ్మశానమున కామన్వెల్తు సైనికుల సమాధులు 3,149, డచ్చివారివి 621. కట్ట ప్రక్కన కలరాతో, ఆకలితో పడిన కూలీల సమాధులు ఆ వరుసలలో లేవు.